సగం ధరకే బిజినెస్ క్లాస్ అంటున్నారు, నమ్మొచ్చా?

అమ్మకోసం
అందరికీ నమస్కారం. అమ్మకి రెండు మోకాళ్లకీ ఆపరేషన్ అయింది. ఇంకో నాలుగు నెలల్లో ఆవిడని తీసుకుని చాలా దూరం వెళ్లాల్సి ఉంది. మధ్యలో ఒకచోట విమానం మారాలి, అంతా కలిపి 20 గంటల పైమాటే. అన్ని గంటలు కాళ్లు ముడుచుకుని కూర్చోవడం ఆవిడ వల్ల కాదు, అందుకే ఈ ఒక్కసారికి బిజినెస్ క్లాసులో పడుకోబెట్టి తీసుకెళ్దామని నిర్ణయించుకున్నాను. ఎయిర్‌లైన్ సైట్లో ఇద్దరికీ ధర చూసేసరికి గుండె గుభేలుమంది.

వెతుకుతుంటే బిజినెస్ క్లాస్ సగం ధరకే అని ఒక ప్రకటన కనిపించింది. నా నంబర్ ఇచ్చిన పది నిమిషాల్లో ఒకాయన ఫోన్ చేశారు, చాలా మర్యాదగా మాట్లాడారు, ఎయిర్‌లైన్ ధరలో సగం కంటే తక్కువ చెప్పారు. పీఎన్‌ఆర్ కూడా పంపారు. ఎయిర్‌లైన్ సైట్లో కొట్టి చూస్తే మా ఇద్దరి పేర్లూ వస్తున్నాయి. ఈ రేటు ఈ రాత్రి వరకేనట, కార్డు అయితే ఫీజు పడుతుంది కాబట్టి బ్యాంక్ ట్రాన్స్‌ఫర్ చేయమంటున్నారు. పేర్లు కనిపిస్తున్నాయి కదా, నిజమేనేమో అనిపిస్తోంది. కానీ ఎక్కడో మనసు ఒప్పుకోవట్లేదు. ఏం చేయమంటారు?

తొందరపడను
డబ్బు పంపకండి. మిగతావన్నీ తీరిగ్గా మాట్లాడుకుందాం, ముందు ఈ రాత్రి గడవనివ్వండి.

టికెటింగ్_పాతకాపు
నేను టికెట్ కౌంటర్ వెనక 14 ఏళ్లు పనిచేశాను తమ్ముడూ, కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. పీఎన్‌ఆర్ అంటే టికెట్ కాదు. అది ఆరు అక్షరాల బుకింగ్ గుర్తు మాత్రమే. ఫలానా విమానంలో ఫలానా పేర్ల మీద సీట్లు పట్టి ఉంచారని దాని అర్థం. సిస్టమ్ చేతిలో ఉన్న ఏ ఏజెంటైనా పైసా కట్టకుండా దాన్ని తయారు చేయగలడు. గడువులోగా టికెట్ జారీ కాకపోతే ఎయిర్‌లైన్ సిస్టమ్ దానంతట అదే రద్దు చేసేస్తుంది. మీ పేర్లు సైట్లో కనిపించడం వెనక ఉన్నది ఇంతే.

టికెట్ అంటే 13 అంకెల ఇ-టికెట్ నంబర్. అందులో మొదటి 3 అంకెలు దాన్ని జారీ చేసిన ఎయిర్‌లైన్‌వి. ఎమిరేట్స్ అయితే 176, ఖతార్ ఎయిర్‌వేస్ 157, సింగపూర్ ఎయిర్‌లైన్స్ 618, లుఫ్తాన్సా 220. కోడ్‌షేర్, అంటే ఒక ఎయిర్‌లైన్ విమానంలో సీట్లని ఇంకో ఎయిర్‌లైన్ తన పేరుతో అమ్మే ఏర్పాటు ఉంటే, ఎక్కే విమానం ఒకరిది, టికెట్ నంబర్ ఇంకొకరిది కావచ్చు, దానికి కంగారు పడక్కర్లేదు. కానీ ఆ 13 అంకెలు లేకపోతే మీ చేతిలో ఏమీ లేనట్టే. ఇప్పుడు ఎయిర్‌లైన్ సైట్లో మీ బుకింగ్ మళ్లీ తెరిచి, టికెట్ నంబర్ ఉందా లేక పేమెంట్ కోసం ఎదురుచూస్తున్నట్టు ఉందా చూసి చెప్పండి.

అమ్మకోసం
చూశానండీ. టికెట్ నంబర్ లేదు. పేమెంట్ ఇంకా అందలేదని ఉంది. ఆయన్ని అడిగితే డబ్బు పడగానే నంబర్ వస్తుంది అంటున్నారు.

టికెటింగ్_పాతకాపు
ఆ మాటలో తప్పు లేదు, నిజాయితీగల ఏజెంటు కూడా డబ్బు వచ్చాకే టికెట్ కొడతాడు. అందుకే డబ్బు ఏ దారిలో వెళ్తోంది అన్నదే ఇక్కడ తేల్చుకోవాలి. క్రెడిట్ కార్డు అయితే టికెట్ రాకపోయినా, వచ్చి తర్వాత రద్దయినా బ్యాంకుకి ఫిర్యాదు చేసి డబ్బు వెనక్కి అడిగే దారి ఉంటుంది. ట్రాన్స్‌ఫర్, వాలెట్, క్రిప్టో, ఇవి వెళ్లాయంటే వెళ్లినట్టే. "కార్డుకి ఫీజు" అంటున్నారు కదా, సరే ఆ ఫీజు నేనే కడతాను, కార్డు తీసుకోండి అని చెప్పి చూడండి. జవాబు అక్కడే తెలిసిపోతుంది.

రాత్రి_ప్రయాణం
అందర్నీ ఒకే గాటన కట్టకండి. నేను ఏజెన్సీల దగ్గర మూడుసార్లు బిజినెస్ క్లాస్ కొన్నాను, మూడుసార్లూ హాయిగా వెళ్లొచ్చాను. కన్సాలిడేటర్లు అని ఉంటారు. ఎయిర్‌లైన్లు పబ్లిక్‌గా చూపించని ధరలు వాళ్లకి ఇస్తాయి, వాళ్లు చిన్న ఏజెంట్లకి అమ్ముతారు. అది పక్కా చట్టబద్ధమైన వ్యాపారం.

టికెటింగ్_పాతకాపు
అవును, మేమూ రోజూ అమ్మేవాళ్లం. అలాంటి టికెట్లో ఫేర్ రాయాల్సిన చోట అంకె ఉండదు, "ఐటీ" అనో "బీటీ" అనో "బల్క్" అనో ఉంటుంది, అసలు ధర ప్రయాణికుడికి కనిపించకూడదని. కాబట్టి అంకె లేదని దాన్ని దొంగ టికెట్ అనుకోవద్దు. కానీ ఆ ఒప్పందపు ధర సాధారణంగా పబ్లిక్ ధర కంటే కొంత తక్కువ ఉంటుంది, మార్కెట్లో అందరికీ ఉన్న సేల్ ధరలో కూడా సగానికి పడిపోవడం నేను అరుదుగా చూశాను. పైగా షరతులు గట్టిగా ఉంటాయి. తేదీ మార్చాలన్నా, రద్దు చేయాలన్నా మళ్లీ ఆ ఏజెంటు దగ్గరికే పోవాలి.

మధ్యలో_చిక్కాను
ఆ చివరి మాట మీద నా అనుభవం చెప్తాను. నాది మోసం కాదు, నిజమైన టికెట్టే. ప్రయాణానికి ఆరు వారాల ముందు ఎయిర్‌లైన్ టైమింగ్ మార్చింది, కనెక్షన్‌కి 40 నిమిషాలు మిగిలాయి. ఎయిర్‌లైన్‌కి ఫోన్ చేస్తే "మీ ఏజెంటుతో మాట్లాడండి, టికెట్ వాళ్ల చేతిలో ఉంది" అన్నారు. ఏజెంటుకి ఫోన్ చేస్తే "ఎయిర్‌లైన్ అనుమతి రావాలి" అన్నారు. పదకొండు రోజులు అటూ ఇటూ తిరిగాను, రోజూ టెన్షనే. చివరికి మార్చారు, కానీ ఆ పదకొండు రోజుల్లో నేను ఆదా చేసుకున్న డబ్బు మీద నాకు సంతోషమే పోయింది. పెద్దవాళ్లని తీసుకెళ్తుంటే ధరలో తేడా మరీ ఎక్కువ ఉంటే తప్ప నేరుగా ఎయిర్‌లైన్ దగ్గరే కొనండి. ఇది నా గట్టి అభిప్రాయం.

మైళ్ల_పుస్తకం
సగం కంటే తక్కువకి అమ్మేవాళ్లలో చాలామంది ఏం చేస్తారో చెప్తాను, ఎందుకంటే ఇది మీకెవరూ ఫోన్లో చెప్పరు. మైళ్లు అంటే తరచూ ఎగిరేవాళ్లకి ఎయిర్‌లైన్ ఇచ్చే పాయింట్లు, వాటితో తీసే టికెట్‌ని అవార్డు టికెట్ అంటారు. వాళ్లు ఎవరి ఖాతాలోనో ఉన్న మైళ్లని తక్కువకి కొని, వాటితో మీ పేరు మీద అవార్డు టికెట్ తీస్తారు. 13 అంకెల నంబర్ వస్తుంది, ఎయిర్‌లైన్ సైట్లో కన్ఫర్మ్ అని కూడా కనిపిస్తుంది, అంతా నిజమే. కానీ మైళ్లు అమ్మడం, కొనడం దాదాపు అన్ని ఎయిర్‌లైన్ల నిబంధనల ప్రకారం నిషేధం. పట్టుబడితే టికెట్ రద్దు చేస్తారు, ఒక్కోసారి విమానాశ్రయంలో చెకిన్ దగ్గర, లేదా వెళ్లాక తిరుగు ప్రయాణంలో. అమ్మినవాడి ఖాతా పోతుంది, కొన్నవాడు అక్కడ నిలబడిపోతాడు.

నా స్నేహితురాలికి తిరుగు ప్రయాణంలో ఇదే జరిగింది. అప్పటికప్పుడు ఎకానమీ టికెట్ పూర్తి ధరకి కొనుక్కుని వచ్చింది. అమ్మినతను ముందే ఒక మాట చెప్పాడట, "ఎవరైనా అడిగితే తెలిసినవాళ్లు బహుమతిగా ఇచ్చారని చెప్పండి" అని. ఎవరైనా మీతో ఆ మాట అంటే ఇంకేమీ చూడక్కర్లేదు.

గుర్తులు కొన్ని ఉన్నాయి. రసీదులో ఫేర్ సున్నా ఉండి పన్నులు మాత్రమే ఉండటం ఒకటి. బుకింగ్ క్లాస్ అక్షరం, అంటే సీటు ఏ రకం ధరకి ఇచ్చారో టికెట్ మీద చెప్పే అక్షరం, ఇంకొకటి. స్టార్ అలయన్స్, వన్‌వరల్డ్ అని ఎయిర్‌లైన్ల కూటములు ఉన్నాయి. స్టార్ అలయన్స్ ఎయిర్‌లైన్లలో బిజినెస్ అవార్డు సీటుకి చాలావరకు "ఐ", వన్‌వరల్డ్‌లో చాలాచోట్ల "యు". కాకపోతే అక్షరం ఒక్కటే చూసి తేల్చేయకండి, కొన్ని ఎయిర్‌లైన్లు డబ్బుకి అమ్మే చవక బిజినెస్ సీటుకి కూడా "ఐ" వాడతాయి.

కిటికీ_సీటు
అంతకంటే ఘోరం దొంగిలించిన కార్డులతో కొన్న టికెట్లు. అసలు కార్డు యజమాని ఫిర్యాదు చేసేవరకు ఆ టికెట్ బాగానే పనిచేస్తుంది. యూరప్ దేశాల ఉమ్మడి పోలీసు సంస్థ యూరోపోల్ వాళ్లు ఎయిర్‌లైన్లు, కార్డు కంపెనీలతో కలిసి కొన్ని రోజులు ప్రత్యేకంగా విమానాశ్రయాల్లో తనిఖీలు పెట్టి ఇలాంటి టికెట్లతో వచ్చినవాళ్లని పట్టుకుంటూ ఉంటారు. నాకేం తెలియదు, నేను డబ్బు కట్టే కొన్నాను అని అమ్మని పక్కన పెట్టుకుని అక్కడ వివరించుకోవాల్సి రావడం ఊహించండి.

అమ్మకోసం
ఇవన్నీ చదువుతుంటే చేతులు చల్లబడ్డాయి. ఇందాక ఆయనకి ఫోన్ చేసి కార్డుతో కడతాను, ఫీజు నాదే అన్నాను. అడిగి చెప్తానన్నారు. మళ్లీ నేను చేస్తే ఎత్తట్లేదు.

సరే, అది వదిలేస్తాను. మరి సరైన దారిలో తగ్గింపు దొరికే అవకాశమే లేదా? ఉంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

లెక్కల_మాస్టారు
ఎందుకు లేదండీ, బోలెడు ఉంది. నేను ఏటా ఒకసారైనా బిజినెస్‌లో వెళ్తాను, పూర్తి ధర ఇంతవరకు కట్టలేదు. నాకున్న సూత్రం ఒకటే: ధర ఎందుకు తగ్గిందో నాకు అర్థమైతేనే కొంటాను. కారణం తెలియని తగ్గింపు జోలికి పోను.

మొదటి కారణం కాలం. బిజినెస్ క్లాసుని నిలబెట్టేది ఆఫీసు పని మీద తిరిగేవాళ్లు. వాళ్లు సెలవుల్లో ప్రయాణించరు, అందుకే ఎకానమీ ధర మండిపోయే ఆగస్టులోనూ డిసెంబరు చివర్లోనూ కొన్ని రూట్లలో బిజినెస్ ధర దిగుతుంది. ఆ చవక ధరలకి ఇన్ని వారాల ముందే కొనాలి, అక్కడ కనీసం ఒక శనివారం రాత్రి ఉండాలి లాంటి షరతులు పెడతారు, ఆఫీసువాళ్లకి అవి కుదరవు కాబట్టి. మీకు నాలుగు నెలల సమయం ఉంది, ఆ షరతులన్నీ మీకు అనుకూలమే.

రెండోది బయలుదేరే చోటు. అదే విమానం, అదే సీటు, ప్రయాణం వేరే నగరం నుంచి మొదలైతే ధర చాలా మారిపోతుంది, ఎందుకంటే ధర దూరాన్ని బట్టి కాదు, ఆ ఊళ్లో పోటీని బట్టి పెడతారు. పన్నులు కూడా కలుస్తాయి. బ్రిటన్ నుంచి బయలుదేరితే ఎయిర్ ప్యాసింజర్ డ్యూటీ అని ఉంటుంది, అది ఎకానమీ కంటే బిజినెస్ క్లాసుకి ఎక్కువ. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. టికెట్ ఎక్కడినుంచి మొదలైతే అక్కడే ఎక్కాలి. మొదటి విమానం వదిలేసి మధ్యలో ఎక్కుదామనుకుంటే మిగతా టికెట్ మొత్తం రద్దయిపోతుంది. ఆ నగరానికి విడిగా కొనుక్కుని వెళ్లే విమానం ఆలస్యమైతే పెద్ద టికెట్ పోతుంది, ఎవరూ బాధ్యత తీసుకోరు. కాబట్టి ముందు రోజే చేరుకోవాలి. మోకాళ్ల నొప్పులున్న అమ్మతో అది పెట్టుకోవద్దు అంటాను నేను.

మూడోది చాలామందికి తెలియదు. బిజినెస్ క్లాసులో ఒకే ధర ఉండదు, కొన్ని మెట్లు ఉంటాయి. చాలా ఎయిర్‌లైన్లలో "జె" పూర్తి ధర, కింద "సి", "డి", "జెడ్" లాంటివి చవక మెట్లు. కింది మెట్టులో ఒక్క సీటే మిగిలి ఉంటే, మీరు ఇద్దరికి వెతికినప్పుడు సిస్టమ్ ఇద్దరికీ పై మెట్టు ధరే చూపిస్తుంది. అందుకని ముందు ఒక్కరికి వెతికి చూడండి, తర్వాత ఇద్దరికి చూడండి. తేడా వస్తే రెండు విడి బుకింగులు చేసి, ఎయిర్‌లైన్‌కి ఫోన్ చేసి కలిసి వెళ్తున్నామని రెండిట్లోనూ నోట్ పెట్టించండి. కొన్ని ఎయిర్‌లైన్లు దీనికి సరిగ్గా ఉల్టాగా, ఇద్దరు ఒకే బుకింగ్‌లో వెళితేనే దొరికే ధర పెడతాయి. రెండూ చూడాలి.

వెతకడానికి గూగుల్ ఫ్లైట్స్ చాలు. క్యాలెండర్ తెరిచి నాలుగైదు రోజులు అటూ ఇటూ జరిపి చూడండి, ధర అలర్ట్ పెట్టుకోండి. ఫేర్ నిబంధనలు చదవాలనుకుంటే ఐటీఏ మ్యాట్రిక్స్ అనే సైట్ ఉంది, గూగుల్ 2011లో కొన్న కంపెనీదే, అందులో టికెట్ కొనలేరు గానీ ఏ మెట్టు, ఏ షరతు అన్నీ కనిపిస్తాయి.

తొందరపడను
మాస్టారు గారు చెప్పిన దానికి ఒక చేర్పు. వెతికాక ఎయిర్‌లైన్ సైట్‌కి మీరే అడ్రస్ టైప్ చేసి వెళ్లండి. సెర్చ్‌లో పైన వచ్చే ప్రకటన నొక్కి వెళ్లకండి, అచ్చం అలాగే ఉండే నకిలీ సైట్లు ఉన్నాయి. కస్టమర్ కేర్ నంబర్ కూడా సెర్చ్‌లో వెతకొద్దు. ఎయిర్‌లైన్ యాప్‌లో ఉన్నదే వాడండి.

కొత్తగా_ఎగిరాను
మధ్యలో దూరినందుకు ఏమనుకోకండి, ఎర్రర్ ఫేర్ల సంగతేంటి? పొరపాటున తక్కువ ధర పడితే ఎయిర్‌లైన్ ఒప్పుకుంటుందా?

లెక్కల_మాస్టారు
ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు. 2019 కొత్త సంవత్సరం రోజున కాథే పసిఫిక్ వియత్నాం నుంచి ఉత్తర అమెరికాకి ఫస్ట్, బిజినెస్ టికెట్లు పొరపాటున ఎకానమీ స్థాయి ధరకి పెట్టింది, కొన్నవాళ్లందరినీ ఆ టికెట్లతోనే తీసుకెళ్తామని ప్రకటించింది. 2024 ఆగస్టులో క్వాంటాస్ ఆస్ట్రేలియా నుంచి అమెరికాకి ఫస్ట్ క్లాస్ అలాగే పెట్టి, కొన్న దాదాపు 300 మందిని ఫస్ట్ బదులు బిజినెస్‌లో కూర్చోబెడతామంది, వద్దంటే డబ్బు వాపసు. రద్దు చేసి డబ్బు తిరిగిచ్చేసిన సందర్భాలూ ఉన్నాయి. ఒంటరిగా, ఎప్పుడైనా వెళ్లగలిగినవాళ్లకి అది బాగుంటుంది. కొన్నా కొన్ని వారాలు హోటల్ బుక్ చేయకుండా ఆగాలి. తేదీ తప్పనిసరి అయినవాళ్లు దాని మీద ఆశ పెట్టుకోకూడదు.

కొత్తగా_ఎగిరాను
ఎకానమీ కొనుక్కుని, బిజినెస్‌కి మార్చడానికి ఇంత ఇస్తానని ఎయిర్‌లైన్‌కి బిడ్ వేయడం?

మైళ్ల_పుస్తకం
అది పక్కా సురక్షితమైన దారే, ఎయిర్‌లైనే నేరుగా అడుగుతుంది, గెలవకపోతే డబ్బు తీసుకోరు. కానీ బిడ్ సాధారణంగా ఒక్కో మనిషికి, ఒక్కో విమానానికి విడిగా. రెండు విమానాలు, ఇద్దరు మనుషులు అంటే లెక్క నాలుగింతలు అవుతుంది. అన్ని చవక ఎకానమీ టికెట్లకీ అవకాశం ఇవ్వరు. రాకపోతే 20 గంటలు ఎకానమీలోనే. అమ్మని తీసుకెళ్లేవాళ్లకి అది పనికిరాదు.

వాళ్లకి పనికొచ్చేది మాత్రం సొంత పాయింట్లు. క్రెడిట్ కార్డు పాయింట్లు ఉంటే వాటిని ఎయిర్‌లైన్ మైళ్లుగా మార్చి అమ్మకి టికెట్ తీయొచ్చు, సొంత మైళ్లతో ఇంట్లోవాళ్లకి తీయడం చాలా ప్రోగ్రాముల్లో ఒప్పే పనే. సీటు ఉందని కళ్లారా చూసుకున్నాకే పాయింట్లు మార్చండి. ఒకసారి ఎయిర్‌లైన్‌కి వెళ్లిన పాయింట్లు సాధారణంగా వెనక్కి రావు.

కిటికీ_సీటు
అమ్మ పడుకోవాలి అన్నారు కాబట్టి ఇది తప్పక చెప్పాలి. బిజినెస్ క్లాస్ అని రాసినంత మాత్రాన పడుకునే సీటు ఉంటుందని లేదు. పూర్తిగా చదునుగా పరుచుకునేవి కొన్ని, వాలుగా జారేవి కొన్ని, ఊరికే వెనక్కి వాలే కుర్చీలు కొన్ని. యూరప్‌లో చిన్న దూరాల విమానాల్లో అయితే మామూలు ఎకానమీ సీట్లే, మధ్య సీటు ఖాళీగా వదిలి బిజినెస్ అంటారు. ఇంకొకటి, చవకగా కనిపించే కొన్ని టికెట్లలో పొడవైన విమానం బిజినెస్‌లో, రెండోది ఎకానమీలో ఉంటుంది. కొనే ముందు ఒక్కో విమానానికి విడిగా క్యాబిన్ చూడాలి. ఏ రకం విమానమో చూసి ఏరోలోపా సైట్లో సీట్ల మ్యాప్ చూస్తే సీటు ఎలా ఉంటుందో ఓ అంచనా వస్తుంది.

మధ్యలో_చిక్కాను
"లైట్" టికెట్లు కూడా గమనించండి. 2019లో ఎమిరేట్స్, 2020లో ఖతార్, తర్వాత ఫిన్ఎయిర్, ఇలా చాలామంది సౌకర్యాలు తగ్గించిన బిజినెస్ టికెట్లు మొదలుపెట్టారు. విమానంలో సీటు అదే, కానీ లాంజ్, అంటే విమానాశ్రయంలో సౌకర్యంగా కూర్చునే ప్రత్యేక గది, ఉండకపోవచ్చు, ముందుగా సీటు ఎంచుకోవడానికి డబ్బు కట్టాల్సి రావచ్చు, మార్పులకి ఛార్జీ పడొచ్చు. మధ్యలో నాలుగైదు గంటలు ఆగాల్సి వస్తే అమ్మకి లాంజ్ ముఖ్యం.

అమ్మకోసం (ఆరు రోజుల తర్వాత)
అందరికీ చేతులెత్తి దండం. ముందు ఆ పీఎన్‌ఆర్ సంగతి చెప్తాను, మూడో రోజు ఎయిర్‌లైన్ సైట్లో కొడితే అలాంటి బుకింగ్ లేదని వచ్చింది. ఆ రోజు ట్రాన్స్‌ఫర్ చేసి ఉంటే ఏమయ్యేదో తలచుకోవడానికే భయంగా ఉంది.

మాస్టారు గారు చెప్పినట్టు తేదీ నాలుగు రోజులు ముందుకి జరిపాను, ఒక్కరికీ ఇద్దరికీ వెతికి చూశాను, ఇద్దరికీ ఒకే మెట్టు దొరికింది. నేను మొదట చూసిన ధర కంటే మూడో వంతు తగ్గింది. సగం కాలేదు, అయినా ఎందుకు తగ్గిందో నాకు తెలుసు. లైట్ టికెట్ ఇంకా తక్కువే ఉంది గానీ కనెక్షన్ దగ్గర ఐదు గంటలు ఆగాలి, అందుకే లాంజ్ ఉన్నదే తీసుకున్నాను. ఎయిర్‌లైన్ సైట్లోనే, క్రెడిట్ కార్డుతో. ఇరవై నిమిషాల్లో 13 అంకెల నంబర్లు రెండూ వచ్చాయి. రెండు విమానాల్లోనూ సీటు పూర్తిగా పరుచుకునేదే.

ఒక్క సందేహం. అమ్మకి ఏ సీటు తీసుకోవాలి? రెండు విమానాల్లోనూ వరుసకి 1-2-1, అంటే రెండు కిటికీల పక్కనా ఒక్కో సీటు, మధ్యలో రెండు.

కిటికీ_సీటు
అందరికీ నడవా అందుతుంది కాబట్టి ఎవరినీ దాటాల్సిన పని లేదు. మధ్యలో పక్కపక్కన ఉండే రెండు సీట్లు తీసుకోండి, రాత్రి ఆవిడకి ఏదైనా కావాలంటే మీరు పక్కనే ఉంటారు. ఇలాంటి సీట్లలో కాళ్లు పెట్టుకునే గూడు చాలా వరుసల్లో ఇరుకుగా ఉంటుంది, ముందు గోడ ఉండే మొదటి వరుసలో తరచూ వెడల్పుగా ఉంటుంది. మోకాళ్లు పూర్తిగా వంగకపోతే ఆ తేడా చాలా ఉంటుంది.

టికెటింగ్_పాతకాపు
వీల్‌చైర్ ఇప్పుడే అడిగేయండి, దానికి డబ్బు తీసుకోరు. అడిగేటప్పుడు కోడ్ సరిగ్గా చెప్పించండి. మెట్లు ఎక్కగలిగి దూరం నడవలేకపోతే డబ్ల్యూసీహెచ్ఆర్, మెట్లు అసలు ఎక్కలేకపోతే డబ్ల్యూసీహెచ్ఎస్. కొన్నిసార్లు విమానాన్ని దూరంగా ఆపి మెట్ల మీదుగా ఎక్కిస్తారు, ఎస్ అని ఉంటే లిఫ్ట్ బండి ఏర్పాటు చేస్తారు. ఇక నుంచి రెండు వారాలకోసారి బుకింగ్ తెరిచి టైమింగ్, విమానం రకం, సీట్ నంబర్లు మారలేదని చూసుకుంటూ ఉండండి. ఎయిర్‌లైన్ విమానం మారిస్తే సీట్లు చెప్పకుండా చెదిరిపోతాయి. ఒకవేళ ఎప్పుడైనా ఎకానమీలోకి దింపితే, యూరోపియన్ యూనియన్ దేశం నుంచి బయలుదేరే విమానమైతే అక్కడి ప్రయాణికుల హక్కుల 261 నిబంధన కింద దూరాన్ని బట్టి ఆ విమానం తాలూకు ధరలో 30, 50 లేదా 75 శాతం తిరిగి ఇవ్వాలి.

అమ్మకోసం
అమ్మని అడిగితే మెట్లు కష్టమే అంది. ఎస్ పెట్టించాను. మొదటి వరుసలో మధ్య సీట్లు రెండూ ఒక విమానంలో దొరికాయి, రెండో దాంట్లో మూడో వరుస వచ్చింది. మొదటి వరుస ఖాళీ అవుతుందేమో చూస్తూ ఉంటాను.